బిడ్డకు తొలి ముద్ద మన వంటింట్లోనే

బిడ్డకు ఆరవ నెల నిండుతున్నదంటే ఇంట్లో ఒకే చర్చ. ఇక ఏమి పెట్టాలి? అమ్మమ్మ ఒకటి చెబుతుంది, నాయనమ్మ ఇంకొకటి చెబుతుంది. ప్రక్కింటి ఆమె తన మనుమడికి పెట్టిన డబ్బా పేరు చెబుతుంది. మందుల షాపుకు వెళితే రంగురంగుల డబ్బాలు వరుసగా పేర్చి ఉంటాయి. నలుగురి మాట విన్న తల్లి చివరకు ఏ మాట వినాలో తెలియక, టీలో ముంచిన బిస్కట్టుతో మొదలు పెడుతుంది. ఏలూరు, తాడేపల్లిగూడెం ప్రాంతములలోను, కొల్లేటి లంక గ్రామములలోను తల్లులు మమ్మును తరచుగా అడిగే ప్రశ్న ఇదే. అందుచేత ఈ నెల ఈ సంగతి వివరముగా వ్రాస్తున్నాము.

ఇది చిన్న సంగతి కాదు. పుట్టినప్పుడు మూడు కిలోలుండి, ఆరు నెలల వరకు చక్కగా ఒళ్ళు చేసిన బిడ్డ, ఆ తరువాత సంవత్సరములో చిక్కిపోవడము మన ఊళ్ళలో ఎందరో చూశారు. "పళ్ళు వస్తున్నాయి", "దిష్టి తగిలింది" అని సరిపెట్టుకుంటాము. చాలాసార్లు అసలు కారణము గిన్నెలో ఉంటుంది. 2019-21 సంవత్సరములలో దేశమంతటా జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఆరు నెలల నుండి ఐదేళ్ళ లోపు పిల్లలలో నూటికి 67 మందికి రక్తహీనత ఉన్నట్లు తేలింది. ఆరు నెలల నుండి రెండేళ్ళ లోపు పిల్లలలో చాలినంత ఆహారము అందుతున్నవారు నూటికి 11 మంది మాత్రమే. అన్నపూర్ణ అని పేరు పొందిన గోదావరి జిల్లాల వాళ్ళము మనము. మన ఇంట బియ్యమున్నది, పప్పున్నది, చెరువులో చేపలున్నవి. అయినా పసిబిడ్డ గిన్నె దగ్గరకు వచ్చేసరికి ఎక్కడో లోపము జరుగుతున్నది.

ఆరు నెలలే ఎందుకు?

పూర్వము నాలుగు నుండి ఆరు నెలల మధ్య ఎప్పుడైనా మొదలు పెట్టవచ్చునని చెప్పేవారు. 2001లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ సలహాను సవరించింది. ఆరు నెలలు నిండేవరకు తల్లిపాలు తప్ప మరేమీ, మంచినీళ్ళు కూడ, అవసరము లేదని తెలిపింది. ఎండాకాలములోనైనా సరే, తల్లిపాలలో బిడ్డకు కావలసినంత నీరున్నది.

ఆరు నెలలు దాటిన తరువాత తల్లిపాలు ఒక్కటే చాలవు. తల్లి కడుపులో ఉన్నప్పుడు బిడ్డ తన ఒంట్లో దాచుకున్న ఇనుము ఈ సమయానికి తరిగిపోతుంది. పాలలో ఇనుము చాలా తక్కువ. ఇనుము చాలని బిడ్డ పాలిపోతుంది, మందకొడిగా ఉంటుంది, మెదడు ఎదుగుదల కూడ దెబ్బతింటుంది. అందుకే ఆరు నెలలు నిండిన వెంటనే మెత్తని ఆహారము మొదలు పెట్టాలి. ముందు వద్దు, ఆలస్యము కూడ వద్దు.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. మన ప్రాంతములో అన్నప్రాసన మగపిల్లవాడికి ఆరవ నెలలోను, ఆడపిల్లకు ఐదవ నెలలోను చేసే ఆచారము ఉన్నది. క్రైస్తవ కుటుంబాలలోను ప్రార్థన పెట్టుకొని బిడ్డకు మొదటి ముద్ద తినిపించేవారు ఈ లెక్కనే పాటించడము చూస్తున్నాము. ఆడబిడ్డ కడుపు మగబిడ్డ కడుపు కంటే నెల ముందుగా సిద్ధము కాదు. ఇద్దరికీ ఆరు నెలలు నిండనివ్వండి. పెట్టేటప్పుడు కూడ ఇద్దరికీ ఒకే గిన్నె, ఒకే నెయ్యి, ఒకే గుడ్డు ఉండాలి.

అన్నము మొదలు పెట్టామని పాలు మాన్పించకూడదు. హన్నా తన బిడ్డయైన సమూయేలు పాలు మానేదాకా ఇంటి దగ్గరే ఉండి పెంచిన సంగతి మనకు తెలిసినదే. రెండేళ్ళు నిండేవరకు, ఆ పైన కూడ, తల్లిపాలు ఇవ్వవచ్చును. ఆహారము పాలకు తోడు మాత్రమే.

మన ఉగ్గు

తెలుగువారికి ఈ ఆహారానికి ఒక చక్కని పేరు ముందే ఉన్నది. అదే ఉగ్గు. కొన్ని ఇళ్ళలో కొక్కిరాయి ముక్కులాంటి మూతి ఉన్న ఉగ్గుగిన్నె నేటికీ అటక మీద దొరుకుతుంది. బియ్యము, పప్పు కడిగి, ఆరబెట్టి, దోరగా వేయించి, తిరగలిలో విసిరి, ఆ పిండితో కాచిన జావే మన తాతలు, ముత్తాతలు తిన్న మొదటి ఆహారము. తిరగలి పోయి మిక్సీ వచ్చినా పద్ధతి మాత్రము నేటికీ సరైనదే.

మూడు గ్లాసుల బియ్యానికి ఒక గ్లాసు పెసరపప్పు తీసుకోండి. రెండింటినీ వేరువేరుగా కడిగి, నీడలో గుడ్డ మీద ఆరబెట్టండి. తడి పూర్తిగా పోయిన తరువాత సన్నని సెగ మీద కమ్మని వాసన వచ్చేవరకు వేయించండి. చల్లారిన తరువాత మిక్సీ పట్టి, జల్లించి, పొడి సీసాలో గట్టిగా మూత పెట్టి ఉంచండి. తడి చెంచా పెట్టకూడదు. ఒకేసారి నెలకు సరిపడా చేయకుండా, పది పదిహేను రోజులకు సరిపడా చేసుకుంటే వానాకాలములో కూడ పురుగు పట్టదు. బియ్యము ఏదైనా ఫరవాలేదు. మార్టేరు వరి పరిశోధనా కేంద్రములో పుట్టిన స్వర్ణ రకమైనా, రేషను బియ్యమైనా, మిల్లు నుండి తెచ్చిన నూకలైనా శుభ్రముగా ఏరుకుంటే చాలును.

బియ్యము, పప్పు రెండూ ఎందుకు కలపాలి? బియ్యములోని మాంసకృత్తులలో ఒక రకము తక్కువ, పప్పులో మరొక రకము తక్కువ. రెండూ కలిస్తే ఒకదాని లోటు మరొకటి తీరుస్తుంది. మన పెద్దలు పప్పన్నము ఊరకే అలవాటు చేయలేదు.

రెండు పెద్ద చెంచాల పొడిని, అనగా సుమారు 20 గ్రాములు, ముందు చన్నీళ్ళలో ఉండ కట్టకుండా కలిపి, ఒక టీ గ్లాసు నీళ్ళలో పోసి, కలియబెడుతూ ఉడికించండి. దించిన తరువాత ఒక టీ చెంచా నెయ్యి గాని, నూనె గాని వేయండి. పిండిలో సుమారు 70 కాలరీలు, నెయ్యిలో 45 కాలరీలు ఉంటాయి. తల్లిపాలు త్రాగుతున్న ఆరు నుండి ఎనిమిది నెలల బిడ్డకు పై ఆహారము నుండి రోజుకు కావలసినది 200 కాలరీలే. అంటే ఇటువంటి చిన్న గిన్నెలు రెండు తింటే ఆ లెక్క సరిపోతుంది. ఒక్క చెంచా నెయ్యి ఎంత పని చేస్తుందో చూడండి. "నెయ్యి అరగదు" అని బిడ్డకు మానిపించి పెద్దలు వేసుకోవడము తగదు.

హైదరాబాదులో తయారైన మిశ్రమము

హైదరాబాదు తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ పేరు చాలామంది వినే ఉంటారు. 1918లో కూనూరులో చిన్న పరిశోధనాశాలగా మొదలై, 1958లో హైదరాబాదుకు వచ్చింది. చిక్కిపోయిన పిల్లలను కోలుకొనేలా చేయడానికి అక్కడివారు తల్లులు ఇంట్లోనే చేసుకోగల ఒక మిశ్రమమును రూపొందించారు. వైద్య విద్యార్థుల పుస్తకాలలో దానిని హైదరాబాదు మిశ్రమము అనే పేరుతోనే చెబుతారు. వేయించిన గోధుమలు 40 గ్రాములు, వేయించిన శనగపప్పు 16 గ్రాములు, వేయించిన వేరుశనగగుళ్ళు 10 గ్రాములు, బెల్లము 20 గ్రాములు. మొత్తము 86 గ్రాములు. దీని వలన 330 కాలరీలు, 11.3 గ్రాముల మాంసకృత్తులు లభిస్తాయి. ఇందులో విదేశాల నుండి తెచ్చినది ఒక్కటి కూడ లేదు. తాడేపల్లిగూడెం బజారులో ఏ కిరాణా కొట్టులోనైనా ఈ నాలుగు సరుకులు దొరుకుతాయి.

ఈ మిశ్రమమును వాడుకొనేటప్పుడు రెండు జాగ్రత్తలు. ఇది బాగా చిక్కిపోయిన పిల్లల కొరకు చేసినది గనుక బెల్లము ఉన్నది. ఏడాది లోపు పిల్లలకు పంచదార, బెల్లము, ఉప్పు వేయవద్దని నేటి పిల్లల వైద్యులు చెబుతున్నారు. ఆరోగ్యముగా ఉన్న బిడ్డకయితే బెల్లము మాని, జావలో బాగా పండిన అరటిపండు మెదిపి కలపండి, తీపి దానంతట అదే వస్తుంది. రెండవది, వేరుశనగగుళ్ళు ఒక్కొక్కటి చూసి ఏరాలి. ముడుచుకుపోయినవి, నల్లబడినవి, బూజు వాసన వచ్చేవి పారవేయండి. ఆ బూజులో కాలేయమునకు హాని చేసే విషము ఉంటుంది, వేయించినా పోదు. గుళ్ళు మెత్తని పొడిగానే ఇవ్వాలి. పలుకు గొంతుకు అడ్డుపడితే ప్రాణాపాయము.

అంగన్‌వాడీలో ఏడు నెలల నుండి మూడేళ్ళ లోపు పిల్లలకు ఇచ్చే బాలామృతము కూడ దాదాపు ఈ దారిలోనిదే. గోధుమలు, శనగపప్పు, పాలపొడి, నూనె, పంచదార కలిపి చేసిన పొడి అది. కొందరు దానిని తీసుకొనడము నామోషీ అనుకుంటారు. మరికొందరు తెచ్చి ఇంటిల్లిపాదీ పంచుకుంటారు. అది బిడ్డ వంతు, బిడ్డకే చెందాలి. దానిలో తీపి ముందే ఉన్నది గనుక మరల పంచదార కలపవద్దు. దానితోపాటు ఇంటి ఉగ్గు, పప్పన్నము, కూర తప్పక ఉండాలి.

పలుచని జావతో కడుపు నిండదు

మేము చూసిన లోపాలలో పెద్దది జావ పలుచన కావడము. పిండిని నీళ్ళలో ఉడికించినప్పుడు అది నీళ్ళు పీల్చి ఉబ్బి గట్టిపడుతుంది. బిడ్డ మ్రింగలేదని తల్లి నీళ్ళు పోస్తుంది. ఇంకా గట్టిగా ఉన్నదని మరికొన్ని నీళ్ళు పోస్తుంది. చివరకు గిన్నెడు జావలో పిండి ఒక చెంచాయే ఉంటుంది. ఆరేడు కిలోల బిడ్డ కడుపులో ఒకసారికి పట్టేది సుమారు 200 మిల్లీలీటర్లు మాత్రమే. ఆ కడుపు నీళ్ళతో నిండితే బిడ్డ తృప్తిగానే కనబడుతుంది, కాని ఎదగదు. బియ్యపు గంజి, పప్పు మీద తేట, చారునీళ్ళు ఈ కోవలోనివే. బలమంతా గిన్నె అడుగున మెతుకులోను, పప్పులోను ఉంటే, పై నీళ్ళు బిడ్డకు పోస్తున్నాము. చెంచా వంచినప్పుడు జావ బొటబొట కారిపోకూడదు, నెమ్మదిగా జారాలి. అదే కొలత.

గట్టిగా ఉంటే మ్రింగలేదు, పలుచన చేస్తే బలము లేదు. దీనికి మార్గము మన ఇళ్ళలోని మొలకల పిండిలోనే ఉన్నది. బరోడా విశ్వవిద్యాలయములో డాక్టర్ తారా గోపాలదాస్ గారు, వారితో పనిచేసినవారు ఈ విషయము మీద చాలా పరిశోధన చేశారు. గింజ మొలకెత్తినప్పుడు దానిలో పిండిపదార్థమును కరిగించే ఒక గుణము పుడుతుంది. మొలకెత్తిన గింజల పిండి ఒక్క చెంచా వేస్తే గట్టి జావ నీళ్ళు పోయకుండానే జారుగా మారుతుంది. బలము బలముగానే ఉంటుంది.

మన ఊళ్ళలో చోళ్ళు అని పిలిచే రాగులు దీనికి శ్రేష్ఠము. చోళ్ళను ఇసుక లేకుండా గాలించి, ఒక రాత్రి నానబెట్టి, నీళ్ళు వంచి, తడి గుడ్డలో మూట కట్టండి. ఒకటి రెండు రోజులలో తెల్లని మొలకలు వస్తాయి. గుడ్డ ఎండిపోకుండా తడుపుతూ ఉండాలి, బూజు కనబడితే మొత్తము పారవేయాలి. మొలకలను ఎండలో గలగలలాడే వరకు ఎండబెట్టి, చేతులతో నలిపి మొలకలు రాల్చి, పిండి పట్టించండి. దీనిని మాత్రము మాడేటట్లు వేయించకండి. వేయిస్తే ఆ గుణము నశిస్తుంది. ఉగ్గును గట్టిగా ఉడికించి దించి, పొగలు తగ్గిన తరువాత, వేడి ఉండగానే ఈ పిండి ఒక టీ చెంచా కలిపి ఐదు నిమిషములు ఉంచండి. జావ జారుగా అవుతుంది. మరల పొయ్యి మీద పెట్టి ఒక పొంగు రానిచ్చి, చల్లార్చి పెట్టండి. ఆ రెండవ పొంగు సూక్ష్మక్రిములను చంపడానికి. 100 గ్రాముల చోళ్ళలో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియము ఉన్నది. ఏ ధాన్యములోను ఇంత లేదు.

కొల్లేటి చేప, కోడిగుడ్డు

"ఏడాది దాకా నీచు పెట్టకూడదు" అనే మాట చాలా ఇళ్ళలో వింటాము. ఈ మాటకు ఆధారము లేదు. ఆరు నెలలు నిండిన బిడ్డకు గుడ్డు, చేప, మాంసము పెట్టవచ్చును, పెట్టడము మంచిది కూడ. బిడ్డ ఒంటికి సులువుగా పట్టే ఇనుము వీటిలో ఉన్నది. మాంసాహారము తినే ఇంట్లో బిడ్డను మాత్రము పప్పునీళ్ళతో పెంచడము అన్యాయము.

కైకలూరు నుండి ఆకివీడు వరకు, ఏలూరు క్రింద లంకల వరకు చేపల చెరువుల మధ్యనే మన జీవనము. శీలావతి, బొచ్చె, కొరమీను ఏదైనా తాజాగా ఉన్నది తీసుకోండి. నడుము ముక్క ఒకటి మసాలా లేకుండా ఆవిరి మీద గాని, కొద్ది నీళ్ళలో గాని ఉడికించండి. శుభ్రముగా కడిగిన వ్రేళ్ళతో నలిపి చూస్తూ ముల్లు ఒక్కటి కూడ లేకుండా తీయాలి. ఆ పని తొందరలో చేయవద్దు, దీపము వెలుతురులో చేయవద్దు. తరువాత మెత్తని అన్నములో మెదిపి రెండు చెంచాలు పెట్టండి. ఎండుచేపలు మాత్రము ఏడాది లోపు వద్దు. వాటిలోని ఉప్పు బిడ్డ మూత్రపిండములకు భారము.

గుడ్డు పూర్తిగా ఉడికినదై ఉండాలి. మొదట పావు పచ్చసొన, తరువాత సగము, క్రమేణా తెల్లసొనతో సహా గుడ్డంతా పెట్టవచ్చును. కోడి కార్జము వారమునకు ఒకసారి చిన్న ముక్క ఉడికించి మెదిపి పెడితే ఇనుము, విటమిన్ ఎ రెండూ అందుతాయి. ఏ కొత్త పదార్థమైనా ఒక్కొక్కటిగా, రెండు మూడు రోజుల ఎడముతో మొదలు పెట్టండి. దద్దుర్లు, వాంతులు వస్తే ఏది పడలేదో తెలుస్తుంది.

మాంసాహారము ముట్టని ఇళ్ళలో పప్పు, తోటకూర, చోళ్ళు, పెరుగు బాగా వాడుకోవాలి. ఆకుకూరలోని ఇనుము ఒంటికి పట్టాలంటే పులుపు తోడు కావాలి. పప్పులో టమాటా వేసి ఉడికించండి, లేదా దించిన తరువాత నాలుగు చుక్కలు నిమ్మరసము పిండండి. టీ ఆ ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. అందుకే టీలో ముంచిన బిస్కట్టు పసిబిడ్డకు ఆహారము కాదు.

గుమ్మడికాయ, చిలగడదుంప, క్యారెట్టు, ములగాకు, బొప్పాయి, మామిడిపండు కంటిచూపును కాపాడతాయి. కూరలను ఆవిరి మీద ఉడికించి మెదపండి. అరటిపండు జలుబు చేస్తుందని భయపడవద్దు. జలుబు సూక్ష్మక్రిమి వలన వస్తుంది. చక్కెరకేళి, అమృతపాణి మన గోదావరి గట్టు పంట. పండును అప్పుడే ఒలిచి, అప్పుడే మెదిపి పెడితే అంత శుభ్రమైన ఆహారము ఇంకొకటి లేదు.

ఇనుము చుక్కలు కూడ మరచిపోవద్దు. ఆరు నెలల నుండి ఐదేళ్ళ లోపు పిల్లలకు వారమునకు రెండుసార్లు ఒక్కొక్క మిల్లీలీటరు ఇనుము సిరపు ఇవ్వాలని 2018లో మొదలైన రక్తహీనత నివారణ కార్యక్రమము చెబుతున్నది. ఆశా కార్యకర్తను అడగండి.

నీళ్ళ సంగతి

ఏలూరువారికి 2020 డిసెంబరు నెల మరపురానిది. 5వ తేదీ నుండి వన్‌టౌన్ వీధులలో పిల్లలు, పెద్దలు ఉన్నట్టుండి మూర్ఛతో పడిపోయారు. ఐదు వందల మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. ఢిల్లీ ఎయిమ్స్‌లో పరీక్షించిన రక్తములో సీసము, నికెల్ కనబడ్డాయి. ఎయిమ్స్, జాతీయ పోషకాహార సంస్థల నివేదికల మీద ఆధారపడి, పురుగుమందుల అవశేషములే ముఖ్య కారణమని ప్రభుత్వము ప్రకటించింది. ఆ భయము తగ్గినా, ఆ పాఠము పసిబిడ్డ ఉన్న ప్రతి ఇంటికి వర్తిస్తుంది.

నీళ్ళు బాగా మరగనిస్తే విరేచనములు కలిగించే సూక్ష్మక్రిములు చస్తాయి. అయితే సీసము, ఉప్పు, పురుగుమందు మరిగినందువలన పోవు. నీరు తరిగేకొద్దీ అవి ఇంకా చిక్కబడతాయి. కాబట్టి రెండు పనులు కావాలి. మొదట మంచి చోటు నుండి నీరు తెచ్చుకోవాలి. తరువాత దానిని మరిగించాలి. కొల్లేటి లంకలలో చుట్టూ నీరున్నా త్రాగే నీరు బయటి నుండి కొని తెచ్చుకొనే కుటుంబాలు ఎన్నో ఉన్నవి. డబ్బా నీరు శుభ్రమైనదే గదా అని అలాగే బిడ్డకు ఇవ్వవద్దు. డబ్బా మూతకు, మనము ముంచే గ్లాసుకు చేతి మురికి అంటుతుంది. మరిగించి, మూత పెట్టి, ఆ రోజుకు ఆ రోజే వాడండి. చెరువు నీరు, కాలువ నీరు బిడ్డ గిన్నెలు కడగడానికి కూడ వద్దు.

కూరగాయలు, ఆకుకూరలు ధారగా పడే నీళ్ళలో రెండు మూడుసార్లు కడగండి. పై చెక్కు తీయగలిగినవి తీయండి. వండేముందు, పెట్టేముందు సబ్బుతో చేతులు కడుక్కోండి. బిడ్డ చేతులు కూడ కడగండి. వండినది రెండు గంటలు దాటితే బిడ్డకు పెట్టవద్దు. ప్రొద్దుట వండిన ఉగ్గు సాయంత్రానికి దాచడము విరేచనములను పిలవడమే. పాలసీసా ఎంత కడిగినా లోపల జిడ్డు మిగులుతుంది. గిన్నె, చెంచా వాడండి.

డబ్బాల మాట

డబ్బా ఆహారము విషము అని మేము చెప్పడము లేదు. ప్రయాణములోనో, తల్లి జబ్బు పడినప్పుడో అక్కరకు రావచ్చును. కాని ఇంటి ఉగ్గు కంటే గొప్పదనే నమ్మకము ప్రకటనల వలన పుట్టినది. ఆ కారణముగానే 1992లో మన దేశములో ఒక చట్టము చేశారు. 2003లో దానిని సవరించి, రెండేళ్ళ లోపు పిల్లల ఆహారమునకు ఏ విధమైన ప్రకటన చేయకూడదని కట్టుదిట్టము చేశారు. డబ్బా కొనేముందు వెనుక అక్షరాలు చదవండి. 2024 ఏప్రిల్‌లో స్విట్జర్లాండుకు చెందిన పబ్లిక్ ఐ అనే సంస్థ, మన దేశములో అమ్మే సెరిలాక్‌లో ఒక్కొక్క మోతాదుకు సుమారు మూడు గ్రాముల పంచదార కలిపి ఉన్నదని, ఐరోపాలోని కొన్ని దేశాలలో అదే కంపెనీ పంచదార లేకుండా అమ్ముతున్నదని తెలిపింది. అదే సంవత్సరము ఆ కంపెనీ ఇక్కడ కూడ పంచదార కలపని రకాలు తెస్తున్నట్లు ప్రకటించింది. తల్లులు చదివి అడిగినప్పుడే ఇటువంటి మార్పులు నిలుస్తాయి.

ఎంత, ఎన్నిసార్లు?

మొదటి రోజులలో రెండు మూడు చెంచాలు చాలును. ఆరు నుండి ఎనిమిది నెలల వరకు రోజుకు రెండు మూడుసార్లు, క్రమముగా పెంచుతూ అర కప్పు. తొమ్మిది నుండి పదకొండు నెలలకు రోజుకు మూడు నాలుగుసార్లు, అర కప్పు నుండి ముప్పావు కప్పు. ఏడాది నిండిన తరువాత ముప్పావు నుండి నిండు కప్పు, మధ్యలో పండో గుడ్డో ఒకటి రెండుసార్లు. కప్పు అంటే 250 మిల్లీలీటర్లు. ఎనిమిది తొమ్మిది నెలలకు మిక్సీ మానివేసి చేత్తో మెదిపిన ముద్దలు పెట్టండి. నమలడము అప్పుడే అలవాటు కావాలి. ఏడాది నిండేసరికి ఇంట్లో అందరూ తినే అన్నమే, కారము తగ్గించి పెట్టవచ్చును.

ఏడాది లోపు తేనె నాకించవద్దు. దానిలో ఉండే ఒక రకము క్రిమి పసిబిడ్డకు ప్రాణాంతకము. ఆవుపాలు, గేదెపాలు తల్లిపాలకు బదులుగా పోయవద్దు. జావలో కొద్దిగా కలపవచ్చును, పెరుగు పెట్టవచ్చును. పల్లీలు, శనగలు, ద్రాక్షపండ్లు అలాగే నోట్లో పెట్టకండి.

జ్వరము, విరేచనములు వచ్చినప్పుడు "లంఖణము పరమౌషధము" అనే మాట పసిబిడ్డకు వర్తించదు. పాలు మానకండి, మెత్తని ఆహారము కొద్దికొద్దిగా పెడుతూ ఉండండి. విరేచనములకు ఓఆర్‌ఎస్ పట్టండి, డాక్టరుకు చూపించండి. జబ్బు తగ్గిన తరువాత రెండు వారములు రోజుకు ఒక పూట ఎక్కువ పెడితే పోయిన బరువు తిరిగి వస్తుంది.

ఇంటిల్లిపాది పని

నాట్లకు, కోతలకు, చెరువుల పనికి, రొయ్యల ఫ్యాక్టరీకి తెల్లవారకముందే వెళ్ళే తల్లులు ఉన్నారు. "మాకు ఇంత తీరిక ఎక్కడిదమ్మా?" అని వారు అడిగితే తప్పు పట్టలేము. ఆ ఇంట ఉగ్గు పొడి ముందే చేసి ఉంటే నాయనమ్మ పది నిమిషములలో కాచి పెట్టగలదు. ఆదివారము మధ్యాహ్నము పొడి విసరడము, గుళ్ళు ఏరడము, నీళ్ళు కాచడము తండ్రి చేయకూడని పనులేమీ కావు. అత్తగారు చెప్పే మంచిమాటను గౌరవించండి. ఐదవ నెల, తేనె, చారునీళ్ళ దగ్గర మాత్రము మెల్లగా నచ్చచెప్పండి. ఈ పత్రిక పేజీ చదివి వినిపించినా సరే.

బిడ్డ నోరు తెరవకపోతే బలవంతముగా కుక్కకండి, సెల్‌ఫోను చూపించి మరపించకండి. ఎదురుగా కూర్చోబెట్టుకొని, కబుర్లు చెబుతూ, తాను అడిగినంత పెట్టండి. కొత్త రుచిని ఉమ్మివేస్తే రేపు మళ్ళీ చూడండి. ఎనిమిది పదిసార్లు రుచి చూసిన తరువాత ఇష్టపడే పిల్లలే ఎక్కువ. నెలకొకసారి అంగన్‌వాడీలో తూకము వేయించి, కార్డు మీద గీత పైకి వెళుతున్నదో లేదో చూడండి. గీత రెండు నెలలు ఒకేచోట నిలిచిపోతే ఆలస్యము చేయక డాక్టరుకు చూపించండి.

ప్రియ సహోదరీ, నీ బిడ్డకు కావలసినది దూరాన లేదు. బియ్యపు డబ్బాలో, పప్పు సీసాలో, పెరటి ములగచెట్టు మీద ఉన్నది. ఈ వారమే ఒక గ్లాసు పెసరపప్పు కడిగి ఆరబెట్టు.